మా అమ్మది కాని ముఖం

నా చిన్నప్పుడు వరంగల్ మట్టెవాడలో, మా వాడకట్టులో, దేవుడికన్నా ఎక్కువ దండాలు అందుకున్న మనిషి ఒకాయన ఉండేవాడు. డాక్టరు కాదు, లీడరు కాదు. సినిమా హాలు ముందు కట్టే గుడ్డ బ్యానర్ల మీద హీరోల బొమ్మలు వేసే ఆర్టిస్టు. పిల్లలం ఆర్టిస్టు మామ అనేవాళ్లం. ఈ మధ్యనే పోయాడు. పోయిన దగ్గర్నుంచి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని నా వెంట పడుతున్నారు. ఆయన పాత బ్యానర్లను హైదరాబాదులో ఏసీ గదుల్లో గోడలకు తగిలించారట. పుస్తకం కూడా వేస్తున్నారట. ఆ పుస్తకం పని చూసే అమ్మాయి రెండుసార్లు మా ఇంటికి వచ్చి పోయింది. నాకు అక్షరాలు వచ్చిందే యాభై దాటాక. వంకరటింకరగా రాస్తాను. కానీ ఇంత ఆలస్యంగా నేర్చుకున్నది అబద్ధాలు రాయడానికైతే కాదు.

ఆ అమ్మాయి నా దగ్గరికే రావడానికి ఒక కారణం ఉంది. ఆయన బతికుండగా ఎక్కడ సన్మానం జరిగినా, ఎవరు మైకు పెట్టినా, ఒక ముచ్చట తప్పకుండా చెప్పేవాడు. ఒక కూలీల ఇంట్లో తల్లి చచ్చిపోతే, ఆమెది ఒక్క ఫోటో కూడా లేకపోతే, పైసా తీసుకోకుండా ఆ ఇంటి పిల్లకు తల్లి ముఖాన్ని తిరిగి ఇచ్చానని. చెబుతూ కళ్లు తుడుచుకునేవాడు. వినేవాళ్లు కూడా తుడుచుకునేవాళ్లు. ఆ పిల్లను నేనే. ఆయన ఇచ్చింది మా అమ్మ ముఖం కాదు. టీవీలో ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి పెరట్లోకి వెళ్లి పుక్కిలించి ఉమ్మి వచ్చేదాన్ని.

మంచి కూడా చెప్పాలి కాబట్టి చెబుతాను. ఆయన చెయ్యి గొప్పది. నెక్కొండ దిక్కు నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి ఇళ్లకు సున్నాలు వేసేవాడు. ఈయన కూడా చిన్నప్పుడు సున్నం బకెట్టు మోశాడు, తర్వాత లారీల వెనక కళ్లు, పూలు వేశాడు, తర్వాత హాలు వాళ్ల కంట్లో పడ్డాడు. నిచ్చెన మీద నిలబడి, చేతిలో ఇంత చిన్న ఫోటో పెట్టుకుని, ఇంటి గోడంత ముఖాన్ని ఒక్క పూటలో లేపేవాడు. కొత్త బొమ్మ పడే రోజు పొద్దున జనం సినిమా కోసం కన్నా ఆయన కోసం ఎక్కువ వచ్చేవాళ్లు. ఎందుకంటే బ్యానరు పైకి కట్టేదాకా ఆ ముఖానికి నల్లగుడ్లు పెట్టేవాడు కాదు. తెల్లటి కళ్లతో హీరో దయ్యంలా వేలాడేవాడు. అప్పుడు ఈయన నిచ్చెన ఎక్కి, కింద కొబ్బరికాయ కొడుతుండగా, రెండు కళ్లల్లో రెండు నల్లచుక్కలు పెట్టేవాడు. జనం ఈలలు వేసేవాళ్లు. కొందరు ఆ గుడ్డకు దండలు వేసి పాలు కూడా పోసేవాళ్లు. ఆ పాలు రంగులతో కలిసి మురికిగా కారి, మధ్యాహ్నానికి విరిగి వాసన కొట్టేవి. మా ఇంట్లో చాయకు పాలు ఉండేవి కావు.

మా అమ్మ, నాయనమ్మ ఇద్దరూ ఒక సేటు మిర్చి గోదాంలో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయేవాళ్లు. మా నాయన హమాలీ. నాకు ఆరేళ్లప్పుడు అమ్మకు జ్వరం వచ్చి దవాఖానలో పోయింది. ఆమెకు ఒక్క ఫోటో లేదు. అప్పట్లో మా వంటి ఇళ్లల్లో ఫోటో దిగడమనే మాటే లేదు. ఏడాది గడుస్తుంటే నాయనమ్మకు ఒకటే గుబులు పట్టుకుంది. తన కోసం కాదు, నా కోసం. అమ్మ ఎట్లా ఉండేదని ఒకరోజు నన్నడిగితే, ఎర్రచీర అని మాత్రమే చెప్పగలిగాను. ఆ రోజు ఆమె అన్నం తినలేదు.

మర్నాడు ఆర్టిస్టు మామ షెడ్డుకు నన్ను వెంటబెట్టుకుని పోయింది. ఆయన ఎవరో హీరోయిన్ బుగ్గకు గులాబీ రంగు వేస్తున్నాడు. నాయనమ్మ చేతులు కట్టుకుని, మా కోడలు ఇట్లా ఉండేదని చెప్పడం మొదలుపెట్టింది. ఆయన మధ్యలోనే ఆపేశాడు. తాను చూశానని, గోదాంకు పోయే దారిలో రోజూ కనబడేదని, ముఖం తనకు బాగా యాదికుందని అన్నాడు. పైసలు కూడా వద్దన్నాడు. నాయనమ్మ ఆయన కాళ్లు మొక్కబోయింది. దారిలో చూసి ఉంటాడో లేదో దేవుడికే తెలియాలి. చెప్పేది వినే ఓపిక మాత్రం ఆయనకు లేదు.

సంవత్సరీకం రోజు ఆయనే స్వయంగా ఆ గుడ్డను చట్రానికి బిగించి తెచ్చాడు. వాడకట్టంతా పోగైంది. వాకిట్లో నిలబెట్టి పైముసుగు తీస్తే, ఎర్రచీర, మెడలో పుస్తెలు, నుదుట ఇంత బొట్టు, నున్నటి బుగ్గలు, తెల్లటి ఖాళీ కళ్లు. అందరూ చూస్తుండగా ఆయన కుంచె ముంచి నల్లగుడ్లు పెట్టాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. మా నాయన మోకాళ్ల మీద కూలబడి దండం పెట్టాడు. నాకైతే ఒళ్లంతా పొంగిపోయింది. మా అమ్మ ఇంత అందగత్తె అని నాకు ఎవరూ చెప్పలేదే అనుకున్నాను. నాయనమ్మ ఒక్కతే విస్తళ్లు వేస్తూ పోయింది.

నాలుగైదు రోజులు నేను ఆ బొమ్మ ముందే తిన్నాను, ఆ బొమ్మ ముందే పడుకున్నాను. పక్కింటి పిల్లల్ని పిలిచి చూపించాను. మీ అమ్మకన్నా మా అమ్మ తెల్లగా ఉంటుందని ఒకదాంతో జుట్లు పట్టుకునేదాకా పోయాను. నాయనమ్మ అన్నీ చూస్తూ ఉండేది. ఒకసారి మా నాయనతో ఏదో అంది. ఆయన తల వంచుకుని ఒకే మాట అన్నాడు.

“ఉండనియ్యె అవ్వా. మంచిగనే ఉన్నది గదా.”

ఆ మాటకు నేను మా నాయనను ఇప్పటికీ క్షమించలేదు. ఆయనకు తెలుసు. మొక్కేటప్పుడే తెలుసు.

తర్వాతి రోజు నాయనమ్మ నన్ను సినిమాకు పోదాం రమ్మంది. ఎన్నడూ అనని మాట. నేను ఎగురుకుంటూ పోయాను. హాలు ముందుకు రాగానే ఆగి, పైకి చూడమంది. పైన ఒక పెద్ద ముఖం, గేటుకు అటు ఒకటి, ఇటు ఒకటి. మూడూ ఒక్కటే. అవే బుగ్గలు, అదే నవ్వు, చీర మాత్రం వేరే. ఎవరే ఆమె అని అడిగింది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అమ్మ అన్నాను, గట్టిగా. టికెట్ల లైనులో ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు.

“మంచిగ చూసుకో బిడ్డా. టికెటు కొంటె రోజుకు మూడాటలు కనవడ్తది మీ అమ్మ.”

చాలామంది పిల్లలు ఆ మాటకు సిగ్గుతో చచ్చిపోతారు. నాకు సిగ్గు రాలేదు. మా అమ్మ సినిమాలో కూడా ఉందని సంబరపడ్డాను. నాయనమ్మ నా ముఖంలో ఆ సంబరం చూసింది. సినిమాకు తీసుకుపోలేదు. ఇంటికి వచ్చి, ఆ గుడ్డను చట్రం నుంచి ఊడదీసి, భుజాన వేసుకుని, నన్ను లాక్కుంటూ షెడ్డుకు పోయింది.

ఆర్టిస్టు మామ చుట్టూ నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. నాయనమ్మ గుడ్డను కింద పరిచి, ఇది మా కోడలు కాదని చెప్పింది. ఆయన నవ్వాడు. చచ్చిపోయినవాళ్లు కొంచెం అందంగా కనబడితే నీకొచ్చిన నష్టమేంటి, నీ కొడుకే మొక్కాడు కదా అన్నాడు. నాయనమ్మ బతిమాలింది. ముక్కు, కళ్లు ఎట్లా ఉన్నా సరే, ముఖం మీద అమ్మవారు పోసిన మచ్చలు పెట్టమంది, ముందుపన్ను మీద పన్ను పెట్టమంది. అంత పెడితే చాలు, పిల్ల గుర్తుపడుతుందని చెప్పింది. ఆయన ముఖం మాడ్చుకున్నాడు.

“మచ్చల మొఖం గీస్తె నా బ్రష్షుకు ఇజ్జతుంటదా అవ్వా? రేపు అందరు ఏమంటరు, వీని చెయ్యి పడిపోయిందంటరు. ఫ్రీగ ఇచ్చిన గదనె, తీస్కపో.”

“ఫ్రీగ ఇచ్చినవని ఎవరి మొఖమన్న ఇస్తవా నాయినా? దీనికి ఏడేండ్లు. ఇంకో యేడాదైతె అదే మర్చిపోతుండె తల్లి మొఖం. నువ్వు గంతవరకు సుత ఆగకపోతివి.”

ఆయన ఇంత పసుపురంగు తీసుకుని, కావాలంటే ముక్కుపుడక పెడతా అన్నాడు. అదీ ఆయన చేసిన సాయం. నాయనమ్మ అక్కడే కుంచెలు కడిగే కిరసనాయిలు డబ్బాలో ఒక పేలికను ముంచి, ఆ ముఖాన్ని తుడవడం మొదలుపెట్టింది. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. బుగ్గ మెడలోకి కారింది, పెదవులు గడ్డం మీదికి వచ్చాయి. మా అమ్మను చంపుతున్నావని అరుస్తూ నేను ఆమె ముంజేతిని కొరికాను. పళ్లు దిగేలా కొరికాను. ఆమె నన్ను విదిలించుకోలేదు. రెండో చేత్తో తుడుస్తూనే ఉంది. నా నోట్లో నెత్తురు, కిరసనాయిలు కలిసి వచ్చిన ఆ రుచి వేరే దేనితోనూ పోల్చలేను. ఆయన మీద ఎంత రోత ఉందో, ఆ రోజు నా మీద నాకు అంతే ఉంది. తుడిచే చెయ్యిని కొరికాను గానీ గీసిన చెయ్యిని కొరకలేదు.

ఆ సాయంత్రమే నన్ను గోదాంకు తీసుకుపోయింది. గుట్టలు గుట్టలుగా మిరపకాయల మధ్య పది, పన్నెండు మంది ఆడవాళ్లు తుమ్ముకుంటూ కూర్చున్నారు. చేతికి కట్టిన గుడ్డ ఏంటని ఎవరో అడిగితే కుక్క కరిచిందని చెప్పింది. తర్వాత నన్ను మధ్యలో కూర్చోబెట్టి, దీనికి దీని తల్లి ఎట్లా ఉండేదో చెప్పండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి అంది. వాళ్లు చెప్పారు. ఒకామె, ముందుపన్ను మీద పన్ను ఎక్కి ఉండేదని. ఒకామె, ఎడమ బుగ్గ మీద మచ్చలు ఎక్కువ, కుడి బుగ్గ మీద తక్కువ అని. ఒకామె, చిన్నప్పుడు ఎవరో కమ్మ లాగితే చెవి తమ్మె చీలి రెండైందని. నవ్వితే పన్ను కనబడుతుందని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేదట, ఆ చేతికి ఉన్న మిర్చి ఘాటు కళ్లకు తగిలి ఏడ్చేదట, అది చూసి అందరూ మళ్లీ నవ్వేవాళ్లట. బడికి పోయే పిల్లలు ఎక్కాలు బట్టీ పట్టినట్టు నేను వాటిని బట్టీ పట్టాను. మరిచిపోతే నాయనమ్మ మళ్లీ మొదటి నుంచి చెప్పించేది.

ఆర్టిస్టు మామ మాత్రం పెరుగుతూనే పోయాడు. ఎలక్షన్లు వస్తే లీడర్లకు నలభై అడుగుల కటౌట్లు వేశాడు, బక్క లీడరుకు కూడా హీరో ఛాతీ పెట్టాడు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చి పని పోయింది. కొన్నేళ్లు ఎనుమాముల మార్కెట్లో దుకాణాలకు బోర్డులు రాశాడు. అప్పుడు ఒకటి రెండుసార్లు ఎదురుపడ్డాడు. నన్ను గుర్తుపట్టలేదు. ఆ తర్వాత ముసలితనంలో హైదరాబాదు వాళ్లు వచ్చి, ఇది పాప్ ఆర్ట్ అని చెప్పి, ఆయన్ని మళ్లీ ఎత్తుకున్నారు. పాప్ ఆర్ట్ అంటే ఏంటని ఆ పుస్తకం అమ్మాయిని అడిగాను. అందరికీ ముందే తెలిసిన ముఖాలను మళ్లీ మళ్లీ గీయడం అనుకోండమ్మా అంది. అయితే ఆయనకు సరిపోయింది అన్నాను. మా అమ్మ ముఖం పదిమందికి కూడా తెలియదు.

ఆ తుడిచిన గుడ్డను మా నాయన పారేయనివ్వలేదు, నాయన పోయాక నా దగ్గరికి వచ్చింది. ఆ అమ్మాయి అడిగితే తీసి చూపించాను. చీర ఉంది, పుస్తెలు ఉన్నాయి, ముఖం ఉండాల్సిన చోట మట్టిరంగు మరక. ఆమె ఊపిరి బిగబట్టి చూసింది. ముఖం లేకుండా వదిలేయాలన్న ఆలోచన ఆ కాలంలోనే ఆయనకు ఎట్లా వచ్చిందో అంది. నాకు నవ్వూ వచ్చింది, వాంతీ వచ్చింది. అది ఆయన ఆలోచన కాదు, మా నాయనమ్మ చేతిది అని చెప్పాను. ఆ పిల్ల మంచిదే, తల వంచుకుంది. అయితే అదే రాసివ్వండమ్మా అంది. అందుకే రాస్తున్నాను.

మొన్న చౌరస్తాలో ఆయనకు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. ముడతలన్నీ తీసేసి, తెల్లగా చేసి, మీసాలకు నల్లరంగు కొట్టి పెట్టారు. కింద పేరు చదివితే గానీ ఆయనే అని తెలియలేదు. ఆయన ముఖాన్ని కూడా ఎవరూ అడగకుండానే మార్చేశారు. జాలిపడాలనుకున్నాను. రాలేదు.

అమ్మా అని తలచుకుంటే ఈ వయసులో కూడా ముందుగా నా కళ్ల ముందుకు వచ్చేది ఆ హీరోయినే. నున్నటి బుగ్గలేసుకుని వస్తుంది. నల్లగుడ్లు పెట్టిన రోజు అంత లోతుగా దిగింది, ఏ కిరసనాయిలుకూ పోలేదు. ఆమెను పక్కకు జరుపుతాను. తర్వాత ఎడమ బుగ్గకు మచ్చలు పెడతాను, కుడి బుగ్గకు కొన్ని తక్కువ పెడతాను, చెవి తమ్మెను చీలుస్తాను. కొన్ని రోజులు అంతా పెట్టినా మా అమ్మ రాదు. వచ్చిన రోజు మాత్రం నవ్వుతూ వస్తుంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. ఆ చేతి వెనక పన్ను నాకు కనబడదు. ఉందని నాకు తెలుసు.