వయా అనే ఊరు

నేను బడికి వెళ్ళింది రెండో తరగతి దాకానే. తెలుగు కూడబలుక్కుని చదువుతాను. పచారీ సరుకు పొట్లం కట్టిన కాగితమైనా చదివాకే పొయ్యిలో పెడతాను. ఆ అలవాటుతోనే బస్సు మీద ‘అమలాపురం – రాజమండ్రి వయా రావులపాలెం’ అన్న బోర్డు చదివి, వయా కూడా దారిలో ఒక ఊరే అనుకున్నాను. ఎన్నిసార్లు బస్సెక్కినా ఆ ఊరు కనపడేది కాదు. నాకు కునుకు పట్టినప్పుడు దాటిపోతోందేమోనని ఒకసారి కొత్తపేట దాకా రెప్ప వెయ్యకుండా కూర్చుని, చివరికి కండక్టరునే అడిగాను.

“వయా ఎప్పుడొస్తుందండీ?”

“వయా ఊరు కాదండీ మామ్మగారూ. ఫలానా ఊరి మీంచి వెళ్తాదని అర్థమండి. ఆయ్.”

బస్సంతా నవ్వారు. నాకు సిగ్గుకంటే ఆశ్చర్యమే ఎక్కువైంది. అంత చిన్న ముక్కలో అంత దారి ఉందా అని!

కొన్నేళ్ళకి ఆ మాటతోనే పని పడింది. మా అబ్బాయి కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఇక చెట్టెక్కే పని మానుకోమన్నారు డాక్టరుగారు. కోడలు కువైట్‌లో ఇంటిపనికి వెళ్తానంది. వీసా వచ్చింది. ఏజెంటు ఇచ్చిన టిక్కెట్టు మా వీధిలో ఉండే రిటైరైన మాస్టారికి చూపించాం.

“వయా దుబాయ్ అని ఉందండి. అక్కడ దిగి ఇంకో విమానం ఎక్కాలి. ట్రాన్సిట్ అంటారు.”

కోడలి మొహం పాలిపోయింది. రాజోలైనా ఒంటరిగా వెళ్ళిన మనిషి కాదు. ఆ రెండో విమానం తప్పితే పని పోతుంది, వీసా పోతుంది. మా ఇంటికి అప్పుడు అదొక్కటే ఆధారం.

“నాకు తెలిసేలా చెప్పండి మాస్టారూ” అన్నాను.

“రావులపాలెం కాంప్లెక్సులో దిగి, గేటు బయటికి పోకుండా లోపలే ఇంకో బస్సు ఎక్కుతారు కదండీ? అదే.”

“మరి ఏజెంటు ట్రాన్స్‌ఫర్ అన్న బోర్డు చూసుకుని వెళ్ళమంటున్నాడు. ట్రాన్స్‌ఫర్ ఉద్యోగస్తులకి కదండీ అయ్యేది?”

“వాళ్ళకి ఊరు మారుతుంది, మీ కోడలికి విమానం మారుతుంది. అంతేనండి.”

పాత క్యాలెండరు కాగితం వెనక ఎరైవల్, డిపార్చర్, బోర్డింగ్, గేట్, ట్రాన్స్‌ఫర్ అని మాస్టారు చెప్పినవన్నీ కోడలు ఇంగ్లీషులో రాసింది, పక్కన నేను తెలుగులో రాశాను. తను ఏడు దాకా చదివింది, ఏబీసీడీలు వచ్చు. కానీ ఇంట్లో కూర్చుని అప్పజెప్పడం వేరు, జనంలో నిలబడి వెతుక్కోవడం వేరు. వాడపల్లి గుడి మొక్కు ఎలాగూ తీర్చుకోవాలి, దానికి రావులపాలెంలో బస్సు మారాలి, దుబాయ్ కూడా ఆ బస్సు టిక్కెట్టులోనే కానిచ్చేద్దామని బయల్దేరదీశాను.

రావులపాలెంలో దిగగానే చెప్పాను: “ఇది దుబాయ్. వాడపల్లి కువైట్. నేను లేననుకో. బస్సు నువ్వే వెతుకు.”

“అలాగేనండి అత్తయ్యగారూ” అంది గానీ, రెండడుగులకోసారి నా మొహమే చూస్తోంది. నేను అటు తిరిగి నిలబడ్డాను. కాసేపటికి చూస్తే మనిషి లేదు. గేటు బయట జామకాయల బండి దగ్గరుంది.

“అయిపోయింది. గేటు దాటేవు. విమానం వెళ్ళిపోయింది.”

“పొద్దున్నించీ మీరేం తినలేదనండీ...”

“నేను లేనన్నానా? లేనిదానికి జామకాయెందుకే?”

బండివాడు పగలబడి నవ్వాడు. ఈలోగా వాడపల్లి బస్సు నిజంగానే వెళ్ళిపోయింది. తర్వాతి బస్సొచ్చేదాకా ఉప్పూకారం అద్దుకుని ఆ జామకాయలే తిన్నాం. తిరుగు ప్రయాణంలో బోర్డులు చదువుకుని అమలాపురం బస్సు తనే పట్టుకుంది. ఎవరినైనా అడగమంటే మాత్రం నోరు పెగల్లేదు. బోర్డు అర్థం కాకపోతే ఈ పిల్ల ఏం చేస్తుందని నాకు బెంగ పట్టుకుంది.

తను విమానం ఎక్కిన మూడో రోజున మాస్టారింటికి ఫోనొచ్చింది.

“చేరేనండి అత్తయ్యగారూ.”

“గేటు దాటలేదు కదా?”

“లేదండీ. కానీ మనం రాసుకోని ముక్కొకటి వచ్చిందండి. బోర్డు మీద మా విమానం ఎదురుగా డిలేడ్ అని పడింది. ఢిల్లీ అనుకున్నానండి. వెనక్కి ఢిల్లీ తీసుకుపోతారేంటని కాళ్ళూచేతులూ ఆడలేదు.”

“మరేం చేసేవ్?”

“పక్కనే బురఖా వేసుకున్నావిడ ఉందండి. టిక్కెట్టు చూపించి ‘కువైట్? ఢిల్లీ?’ అన్నాను. ఆవిడ నవ్వేసి, గడియారం చూపించి, కూర్చోమని సైగ చేసింది. విమానం ఆలస్యమటండి, అంతే.”

“నువ్వే అడిగేవా?”

“ఆయ్. నేనేనండి.”

ఫోనంటే రెండు ముక్కల్లో పెట్టెయ్యమనే నేను, ఆ మాట ఎలా రాస్తారో చెప్పమన్నాను. తను ఒక్కో అక్షరమే చెబుతుంటే తెలుగులో రాసుకున్నాను: డి, ఇ, ఎల్, ఏ, వై, ఇ, డి.

మాస్టారు కాగితం తీసుకుని చూశారు. “మీ కోడలి తప్పేం లేదండీ. మూడో అక్షరం దాకా ఢిల్లీ కూడా ఇదే” అన్నారు.