పేషెంటు పేరు చెప్పాలి

మా ఇంట్లో మిక్సీ కడగాలంటే ప్లగ్గు తీస్తే సరిపోదు. ప్లగ్గు తీసి, స్విచ్‌బోర్డుకి ఎర్ర ట్యాగు తగిలించి, అప్పుడు కడగాలి. ఆ ట్యాగు స్టీలు ప్లాంటులో పాతదైపోయి పారేస్తుంటే నాన్న ఇంటికి తెచ్చుకున్నది. అట్ట మీద హిందీలో ‘పని జరుగుతోంది, స్విచ్ వేయరాదు’ అని ఉంటుంది. దానికి ఉన్న రూలు ఒక్కటే. ఎవరు తగిలించారో వాళ్లే తీయాలి. తగిలించినవాడు టీ తాగడానికి వెళ్లినా, పెద్ద ఆఫీసరు వచ్చి నెత్తిన నిలబడినా, ఇంకొకరు దాని మీద చెయ్యి వేయకూడదు. మరమ్మతు చేస్తున్నవాడి ప్రాణం ఆ అట్టముక్క మీద ఉంటుందని నాన్న చెప్పేవాడు.

నా పదో తరగతి పరీక్షలప్పుడు ఆయన ఆ ట్యాగును టీవీ స్విచ్‌కి తగిలించి డ్యూటీకి వెళ్లాడు. పరీక్షలు అయిపోయాయి, నేను హాయిగా నిద్రపోతున్నాను, ట్యాగు మాత్రం అలాగే వేలాడుతోంది. తీయాలన్న సంగతి ఆయన మరిచిపోయాడు. అమ్మ ఎదురింటికి వెళ్లి సీరియల్ చూసొచ్చింది గానీ, దాన్ని ముట్టుకోలేదు. పెళ్లయిన దగ్గర నుంచి ప్లాంటు వాళ్లిచ్చిన ఈ సెక్టార్ క్వార్టర్లోనే ఉన్న మనిషి కదా, ప్లాంటు రూలంటే ఆవిడకు మడి లాంటిది.

నాన్న రోలింగ్ మిల్లులో క్రేన్ ఆపరేటరు. కింద ఎర్రగా కాలిన ఇనుము కదులుతుంటే, పైన చిన్న గదిలో కూర్చుని దాన్ని ఎత్తి దించడం ఆయన పని. మా వంటింట్లో ఉన్న టిఫిన్ క్యారియరు, ఫ్లాస్కు, హాట్‌బాక్సులు, ముందుగదిలో గోడ గడియారం, అన్నీ సేఫ్టీ వారోత్సవాల్లో ఆయనకు వచ్చిన బహుమతులే. పుట్టింటివాళ్లు పెట్టిన సామాను కన్నా సేఫ్టీ వాళ్లు పెట్టిందే ఎక్కువని అమ్మ అందరికీ చెప్పుకునేది. అందులో గొప్ప ఎంతో, దెప్పు ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు.

అలాంటి ఇంట్లో పుట్టి నేను ఊరి బయట ఉతై వెళ్లే దారిలో ఉన్న నర్సింగ్ కాలేజీలో చేరాను. మందు ఇచ్చే ముందు ఐదు సంగతులు చూసుకోవాలని మా మేడం మాచేత రోజూ వల్లె వేయించేది. సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. మార్గం అంటే నోట్లో వేయాలా, సూదితో ఎక్కించాలా అని. అన్నిటికన్నా ముందు పేరు. ‘మీరు ఫలానా కదా’ అని అడగకూడదు, ‘మీ పేరేమిటి’ అని అడిగి వాళ్లచేతే చెప్పించాలి. నిద్రమత్తులో ఉన్నవాడు ఏ పేరుకైనా తలూపుతాడని మేడం అంటే మేం నవ్వాం. మొదటిసారి వార్డుకు వెళ్లినప్పుడు ఒక తాతగారు నేను చదివిన ప్రతి పేరుకూ తలూపాడు. ఆ పేర్లలో ఒకటి పక్క వార్డులో బిడ్డను కన్న అమ్మాయిది. ఆ తరవాత నవ్వలేదు.

ఇంట్లో ఎవరికైనా మందుల జాగ్రత్తలు నేర్పించి రమ్మని రెండో ఏడాదిలో మాకు పని ఇచ్చారు. స్కూటీ వేసుకుని ఊరంతా తిరిగే ఓపిక లేక నేను మా ఇంటినే ఎంచుకున్నాను. నాన్నకు సుగరూ, బీపీ ఉన్నాయి. అమ్మకు మాత్రల పేర్లతో పని లేదు, గులాబీ రంగుది బీపీకి, పచ్చది సుగరుకి. కంపెనీ మారితే రంగు కూడా మారిపోతుందమ్మా, పేరు చదువు అన్నాను. పక్కింటావిడ జ్వరానికి ఒకటి, ఒళ్లునొప్పులకు ఒకటి అని వేసుకున్న రెండు మాత్రలూ ఒకే పారాసిటమాలని, రెండూ కలిపి రోజంతా మింగితే లివరు పాడవుతుందని కూడా చెప్పాను. అమ్మ ఆ సంగతి మోయడానికి వెంటనే పక్కింటి పిట్టగోడ దగ్గరికి వెళ్లిపోయింది.

తిరిగొచ్చాక అసలు పాఠం మొదలుపెట్టాను. నాన్నను మంచం మీద కూర్చోబెట్టి, మాత్ర అమ్మ చేతికిచ్చి, ముందు పేషెంటు పేరు చెప్పమన్నాను.

అమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ నమ్మకం. రేషన్ షాపులో అడిగితే కార్డు చూపిస్తుంది, బ్యాంకులో అడిగితే నన్ను మోచేత్తో పొడుస్తుంది. 

“మాత్తర కోసం పేరెట్టి పిలవమంటావేటే? నువ్వు నర్సువో, నా శత్రువో అరదం అవుతాలేదు,” అంది.

నాన్నకు ఇదంతా మహా సరదాగా ఉంది. మంచం మీద కాళ్లూపుకుంటూ కూర్చున్నాడు. నేను మొదటి సంగతి వదిలేసి మిగతా నాలుగూ నేర్పించి, పని పూర్తయిందని కాలేజీలో చెప్పేశాను.

తరవాత వచ్చిన ఒక ఆదివారం. నాన్నకు ఆ వారం నైట్ షిఫ్టు. తెల్లారి ఇంటికొచ్చి, టీ తాగి, పడుకున్నాడు. మధ్యాహ్నం లేచాడు. ఆ రోజు చేపలు ఆలస్యంగా దొరికాయి, కూర ఇంకా పొయ్యి మీదే ఉంది. నాన్న వంటింట్లోకి వచ్చి, కుక్కరు విజిల్ ఎందుకు వేయలేదని కుక్కరుతోనే గొడవ పెట్టుకున్నాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఫ్యాను కింద నిలబడ్డా బనీను చెమటతో తడిసిపోయింది, గ్లాసు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది.

నైట్ షిఫ్టు వారాల్లో ఇలా నీరసం వస్తోందని, ఎదురింటివాళ్ల కళ్లు మంచివి కావని చెబుతూ అమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో వేసింది. దాంతో ముగ్గురం దగ్గడం మొదలుపెట్టాం. ఆ దగ్గులోనే నేను నాన్న వేలు గుచ్చి మీటరులో చూశాను. సుగరు బాగా పడిపోయి ఉంది. గబగబా పంచదార డబ్బా తీసి నీళ్లలో కలిపాను.

అమ్మ నా చెయ్యి పట్టేసుకుంది. “సుగరున్న మనిషికి పంచదార పోస్తావేటే? నువ్వు సదివిందేటి, సేస్తన్నదేటి?”

వాదించే సమయం కాదు. మనిషికి తెలివుంది, మింగగలుగుతున్నాడు, అది చాలు. ఆవిడ చెయ్యి విడిపించుకుని ఆ నీళ్లు నాన్నచేత తాగించాను. కాసేపు ఆగి మళ్లీ వేలు గుచ్చాను, అంకె పెరిగింది. కంచంలో అన్నం పెట్టాం. నాలుగు ముద్దలు దిగాక ఆయన తలెత్తి, ఇద్దరూ నన్నలా చూస్తున్నారేమిటని అడిగాడు. కుక్కరును తిట్టిన సంగతి ఆయనకు గుర్తే లేదు.

అప్పుడు మొదలుపెట్టాను విచారణ. ఈ రోజు సుగరు మాత్ర ఎవరు ఇచ్చారు అని. తెల్లారి టీతో నేనే ఇచ్చానని అమ్మ గర్వంగా చెప్పింది. నాన్న కంచంలోంచి తలెత్తాడు.

“లెగిసేక పరగడుపున ఏసుకోమన్నాడు గదా డాక్టరు. నేను లెగిసిందే ఇప్పుడు. ఇప్పుడే ఏసుకున్నాను,” అన్నాడు.

“మరి నేనిచ్చిందేటయ్యింది?”

“నువ్వు నిద్దర్లో ఏటో సేతిలో పెట్టేవు. మింగీసేను.”

సంగతి ఇది. షిఫ్టు అయ్యాక తన బదులు ఎక్కాల్సిన రిలీవరు రాకపోతే ఇంకో షిఫ్టు కూడా చేయాల్సి వస్తుంది కాబట్టి, ప్లాంటు వాళ్లలో చాలామంది లాగే నాన్న కూడా మాత్రల షీటు సగానికి చింపి డ్యూటీ సంచిలో పెట్టుకునేవాడు. మిగతా సగం అమ్మ దగ్గర ఉండేది. పగటి షిఫ్టుల్లో ఇద్దరికీ ఒకేసారి తెల్లారుతుంది కాబట్టి గొడవ లేదు. నైట్ షిఫ్టు వారంలో మాత్రం, అమ్మకు తెల్లారినప్పుడు ఒకటి, నాన్న నిద్ర లేచినప్పుడు సంచిలోంచి ఒకటి. మొదటిది వేసుకుని తిండి లేకుండా పడుకోవడం, లేచి రెండోది. ఆ పచ్చ మాత్ర గ్లిమెపిరైడ్. అది ఒంట్లో ఇన్సులిన్‌ను ఊరించి సుగరు దించుతుంది. తిన్నామా లేదా అని ఆగి చూడదు. రిలీవరుకు ఛార్జి అప్పగించకుండా క్రేన్ దిగని మనిషి ఇంట్లో ఒకే క్రేన్‌ను ఇద్దరు ఆపరేటర్లు నడుపుతున్నారు.

నాకు నవ్వొచ్చింది. నాన్న తరవాత అన్న మాటతో ఆ నవ్వు పోయింది. ఇదే వణుకు ఒకసారి క్రేన్ మీద ఉండగా కూడా వచ్చిందట. జేబులో బిస్కట్లుంటే తిన్నాడట, తగ్గిపోయిందట. వాన వచ్చి వెలిసిందన్నంత తేలిగ్గా చెప్పాడు.

నాకు భయమూ కోపమూ ఒకేసారి వచ్చాయి. మాత్ర ఇంకా ఒంట్లో ఉంది, సుగరు మళ్లీ పడొచ్చు, ఇప్పుడే ఆసుపత్రికి పోదాం, క్రేన్ సంగతి కూడా డాక్టరుతో చెబుదాం అన్నాను. నాన్న ససేమిరా అన్నాడు. ఆయన వచ్చే ఏడాది రిటైరవుతాడు. సంగతి తెలిస్తే క్రేన్ దింపేస్తారు, స్టోర్లో కూర్చోబెట్టి బోల్టులు ఏరమంటారు. సర్వీసంతా పైన కూర్చున్న మనిషి కిందనుంచి రిటైరవ్వాలా అని ఆయన బాధ. అది నాకు అర్థం కాకపోలేదు. కానీ ఆ క్రేన్ కింద మనుషులు నడుస్తారు.

ఐదు సంగతులూ మళ్లీ అప్పజెప్పాను. వినలేదు. వంటింట్లో వేలాడుతున్న ఎర్ర ట్యాగు తీసుకెళ్లి ముందుగదిలో మేకుకున్న ఆయన హెల్మెట్‌కి తగిలించాను.

నాన్న చెయ్యి కడుక్కుని వచ్చి దాన్ని చూశాడు.

“ఇదెవరు తగిలించేరు?”

“నేనే.”

“తియ్యి.”

“పని జరుగుతోంది నాన్నా,” అన్నాను.

ఆయన హెల్మెట్ ముందు నిలబడ్డాడు. చెయ్యి మేకు దాకా వెళ్లింది. అక్కడ ఆగి, వెనక్కొచ్చి, తల గోక్కుంది. అమ్మ వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది. ఆ ట్యాగు కోసం ఇంట్లో టీవీ ముట్టుకోకుండా ఉండిపోయిన మనిషి కదా, ఇప్పుడు ఆయనేం చేస్తాడో ఆవిడకు కూడా తెలియాలి. నాన్న చెప్పులు వేసుకున్నాడు.

“పదా. హాస్పిటల్ బంద్ అయిపోద్ది,” అన్నాడు. క్యాజువాలిటీ ఎప్పుడూ బంద్ అవదని ఆయనకు నాకన్నా బాగా తెలుసు.

డాక్టరుకు అంతా ఆయనే చెప్పాడు, బిస్కట్లతో సహా. మళ్లీ పడిపోతుందేమోనని రాత్రంతా అక్కడే ఉంచి చూశారు. ఆ మాత్ర ఆపి వేరేది రాశారు, షిఫ్టు ఏదైనా సరే, రోజుకు ఒకసారి, పెద్ద భోజనంతో. రిపోర్టులు బాగుండేదాకా క్రేన్ ఎక్కకూడదన్నారు. స్టోరు తప్పింది గానీ, కింద నిలబడి పైన ఆపరేటరుకు చేత్తో సైగలు చేసే పని పడింది. పైన కూర్చున్నవాడికి కళ్లు లేవని నాన్న రోజూ ఇంటికొచ్చి చెప్పేవాడు. ఆ కళ్లు లేనివాడు ఆయన ట్రైనింగు ఇచ్చినవాడే.

మాత్రలన్నీ ఒక సేఫ్టీ టిఫిన్ డబ్బాలోకి చేర్చాం. ఛార్జి అమ్మది. డ్యూటీ సంచిలో ఒక్క మాత్ర కూడా ఉండకూడదు. కొంచెం పంచదార పొట్లం మాత్రం ఉండాలి. అమ్మ మందు పేరు చదివి ఇస్తుంది, నాన్న తిరిగి చెప్పి వేసుకుంటాడు. ఇంతవరకూ నా రూలు. నాన్నకు అది చాలలేదు. ప్లాంటులో ఛార్జి ఇచ్చేటప్పుడు ఏ మిషనో పేరు పెట్టి చెప్పాలి, పేరు లేకుండా నేను తీసుకోను అన్నాడు. ఆయనకు క్రేన్ పోయిన కసి ఎక్కడో తీర్చుకోవాలి కదా. 

అమ్మ ‘ఇంటాయన’ అంది. సెక్టారంతా ఇంటాయనలే అన్నాడు. ‘పిల్ల నాన్న’ అంది. ఏ పిల్ల అన్నాడు. రోజూ భోజనం దగ్గర ఇదే తంతు. చివరికి ఆవిడ వేలు పెట్టి ఆయన్ను చూపించేది, వేలు కూడా గుర్తింపే అని నేను తీర్పు చెప్పేదాన్ని, ఆయన సణుక్కుంటూ మింగేవాడు.

కొన్నాళ్లకు రిపోర్టులు బాగున్నాయని, క్రేన్ ఎక్కవచ్చని రాసిచ్చారు. మర్నాడు సెకండ్ షిఫ్టు. నాన్న పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లికి వెళ్లేవాడిలా తయారయ్యాడు. ఇన్నాళ్లూ ఆయన వేరే హెల్మెట్ పెట్టుకుని వెళ్లాడు, ఇప్పుడు నేను ఈ హెల్మెట్ ట్యాగు తీశాను. ఆయన ఆ హెల్మెట్‌ను పక్కన పెట్టుకుని భోజనానికి కూర్చున్నాడు. అమ్మ డబ్బా తెరిచి, మాత్ర పేరు చదివి, ఆయన అరచేతిలో పెట్టింది. నాన్న అలవాటుగా అడిగాడు, “ఎవులికి?”

నేను తీర్పు చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. అమ్మ వేలు ఎత్తలేదు. హెల్మెట్ వైపు చూస్తూ, నెమ్మదిగా, ఇంటిపేరుతో సహా, ఆయన పేరు చెప్పింది.

ఆ పేరు నేను చిన్నప్పటి నుంచి ఎందరి నోటో విన్నాను. అమ్మ గొంతులో అది వేరే మనిషి పేరులా ఉంది. నాన్న ఎకసక్కెం మరిచిపోయాడు. మాత్ర పట్టుకుని ఆవిడ వైపు తిరిగాడు.

“నేనే,” అన్నాడు. మాత్ర నోట్లో వేసుకున్నాడు. నీళ్లు తాగండి అని అమ్మ కసిరితే తాగాడు.

ఆయన స్కూటరు మలుపు తిరిగేదాకా అమ్మ గుమ్మంలోనే నిలబడింది. తరవాత నా వైపు తిరిగి, ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి అడిగింది, “ఆయుష్షు తగ్గదు గదే?”

మా మేడం అన్ని మందుల సైడ్ ఎఫెక్టులూ చెప్పింది గానీ ఇది చెప్పలేదు. తగ్గదమ్మా, పెరుగుతుంది, కాకపోతే మందుతో పాటు రోజూ చెప్పాలి అన్నాను.

“ఓలమ్మా, రోజూనేటే,” అని నిట్టూర్చి, అమ్మ టిఫిన్ డబ్బా మూత బిగించింది.