బాల్‌రాజు సార్ జీపు, నా జీపు

కొత్త జీపు తలుపు వేసుకోగానే ఎల్బీనగర్ హారన్లన్నీ పక్క వీధిలోకి వెళ్ళిపోయినట్టు ఉంటుంది. చల్లగాలి, కొత్త సీట్ల వాసన. ఆ నిశ్శబ్దంలో కూర్చున్నప్పుడల్లా నాకు ఇదే పేరుతో ముందు తరంలో వచ్చిన గుడ్డ టాపు జీపు గుర్తొస్తుంది. అది మా బాల్‌రాజు సార్‌ది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో ఆయన దాన్ని దీక్షా శిబిరం మీదికి ఎక్కించాడని దిల్‌సుఖ్‌నగర్‌లో కొందరు ఇప్పటికీ అనుకుంటారు. అది నిజం కాదు. ఆ రోజు నడిపింది నేను. చెప్పాల్సినప్పుడు ఆ మాట చెప్పలేదు.

బాల్‌రాజు సార్ ఊరు తుర్కయంజాల్. దిల్‌సుఖ్‌నగర్‌లో డ్రైవింగ్ స్కూల్ నడిపేవారు. నేను తెనాలి నుంచి వచ్చి ఆయన దగ్గర పనికి కుదిరాను. స్టీరింగ్ ఇస్తారనుకుంటే మొదటి రోజు జీపు వెనక బెంచీ మీద కూర్చోమన్నారు. ఆ బెంచీలు ఎదురెదురుగా ఉండేవి. నలుగురు ఎక్కితే మోకాళ్ళు మోకాళ్ళకు తగిలేవి. సాగర్ రోడ్డు పక్కన గుట్టలవైపు మట్టిదారిలో తిప్పి తెచ్చేసరికి నా నడుము నాది కాదు. తల రెండుసార్లు పైకమ్మీకి కొట్టుకుంది. నోట్లో దుమ్ము.

"ఎట్లున్నది శీను?" అన్నారు దిగి.

"బాగానే ఉంది సార్."

"అబద్ధం. ఎనక కూసున్నోడు ఎట్ల పరేషాన్ అయితడో తెల్వాలె ముందుగాల. తర్వాతనే స్టీరింగ్."

ఆయన స్కూల్లో నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ అదే పద్ధతి. బ్యాంకు ఆఫీసరైనా సరే, మొదటి రోజు వెనక బెంచీయే. విసుక్కుని వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. ఆయన పట్టించుకోలేదు. నేను కాస్త వేగంగా తోలితే మాత్రం, "మీ గుంటూరోళ్లకు కారం ఎక్కువ, బ్రేకు తక్కువ" అని ఎగతాళి చేసేవారు. "మీ బిర్యానీలో కారం కన్నానా సార్" అని నేనూ అనేవాణ్ణి.

ఉద్యమం వచ్చింది. కాలనీలో రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. శిబిరం పెద్ద మల్లేశ్ గారు సార్‌కి చిన్నప్పటి స్నేహితుడు. పొద్దున స్కూలు, సాయంత్రం శిబిరం. సార్ జీపుకి జెండా కట్టారు. మైకు పెట్టె, మంచినీళ్ళ క్యాన్లు అందులోనే వెళ్ళేవి. నేను ఆంధ్రావాణ్ణని ఆయన నాతో మాట తగ్గించలేదు. "గది వేరే లొల్లి, ఇది మన దుకాణం" అనేవారు.

ఒక బంద్ రోజున మా పిన్ని కంటి ఆపరేషన్ కోసం ఊరి నుంచి వస్తూ, బస్సు ఆపేయడంతో ఎల్బీనగర్‌లో చిక్కుకుపోయింది. నేను అడగకముందే సార్ తాళం చేతిలో పెట్టారు. "నా బండిని ఎవ్వరాపరు. మెల్లగ పోయి తెచ్చుకో."

వెళ్ళేటప్పుడు నిజంగానే ఎవరూ ఆపలేదు. జెండా చూసి దారిచ్చారు. పిన్నిని ఎక్కించుకుని తిరిగి వస్తుంటే, శిబిరం మలుపులో కొత్త కుర్రాళ్ళు కొందరు చేతులడ్డం పెట్టారు. కర్రలేవీ లేవు. ఆగి, ఫలానావారి బండి అంటే సరిపోయేది. వెనక నుంచి పిన్ని నా చొక్కా పట్టుకుని, "ఆపకురా, మన యాస వింటే కొడతార్రా" అంది. నేను యాక్సిలరేటర్ తొక్కేశాను. కుర్రాళ్ళు పక్కకి దూకారు. బంపరు శిబిరం గుంజకి తగిలి షామియానా కూలింది. అరుపులు వినిపించాయి. ఆగలేదు.

గుంజ మీదపడి మల్లేశ్ గారి చెయ్యి విరిగింది. ఆ గందరగోళంలో నా ముఖం సరిగ్గా చూసినవాళ్ళు లేరు, ఆ జీపుని ఎరగనివాళ్ళు లేరు. సాయంత్రం మనుషులు స్కూలు ముందుకి వచ్చారు. నేను లోపల నిలబడి ఉన్నాను. సార్ గుమ్మం దిగి, "నడిపింది నేనే. తప్పయింది" అన్నారు.

వాళ్ళు వెళ్ళాక ఆయన కాళ్ళ మీద పడబోయాను. ఆపారు. "నీ పేరు చెప్తే శీను అనరు. ఆంధ్రోడు శిబిరం మీదికి బండెక్కించిండు అంటరు. రేపు మీ గల్లీల ఎవరి కిటికీలకన్న అద్దాలుంటయా?"

అప్పుడైనా నిజం ఒప్పుకోవలసింది. "స్టీరింగ్ తిరగలేదు సార్. బ్రేకు తొక్కితే ఒక పక్కకి లాగేసింది" అన్నాను.

ఆయన నావైపు చూసి, "బండి పాతదే తీ" అన్నారు.

తర్వాత శిబిరం నుంచి ఆయన్ని పిలిచినవాళ్ళు లేరు. నీళ్ళ క్యాన్లు పంపిస్తే తిరిగొచ్చాయి. రాష్ట్రం వచ్చిన రోజు దిల్‌సుఖ్‌నగర్ అంతా రంగులు, డప్పులు. ఆయన షట్టర్ దగ్గర నిలబడి చూస్తున్నారు. "పోదాం రండి సార్" అన్నాను. "నువ్వు పో. నాకు క్లాసున్నది" అన్నారు. ఆ రోజు క్లాసులేవీ లేవు.

తరువాత నేను మీర్‌పేట్‌లో సొంత స్కూలు పెట్టుకున్నాను. మొన్న ఈ కొత్త జీపు కొన్నాక చూపిద్దామని తుర్కయంజాల్ వెళ్ళాను. సార్ మోకాళ్ళు పట్టుకుని ఎక్కారు. సీటు నొక్కి చూశారు. "ఏం బండయ్యా, పరుపు లెక్కున్నది!" వేలితో తిరిగే స్టీరింగ్ చూసి నవ్వారు. వెనక్కి పోనిస్తే తెర మీద దారి కనపడటం, అడ్డమేదైనా వస్తే బండి కూతపెట్టడం చూసి, "అమ్మో, మా ఇంటామె కంటె ఎక్కువ చెప్తది" అన్నారు. వెనక సీట్లు ముందుకే తిరిగి ఉండటం మాత్రం నచ్చలేదు. "మనిషికి మనిషి మొఖం కనపడకపోతే ముచ్చటెట్ల పెడతరు?"

పాత జీపు ఆయన ఇంటి వెనక రేకుల కింద ఉంది. రెండూ ఒకే దారిలో నడిపి చూడాలని ముచ్చటపడి అడిగాను. గుంతల్లో కొత్తది ఊయలలా ఊగి ఊరుకుంది. పాతదాంట్లో అదే గుంతకి పళ్ళు కొట్టుకున్నాయి. గేరుబాక్సు వేడికి ఎడమకాలు చురుక్కుమంది. చేతులు లాగేశాయి. హాయిలో రెంటికీ పోలికే లేదు. కానీ మలుపు తిప్పితే అది తిరిగింది. వేగంగా పోనిచ్చి బ్రేకు తొక్కాను. ఎటూ లాగకుండా తిన్నగా ఆగింది.

ఇంజను ఆపేశాను. పక్కన సార్ ఉన్నారు.

"ఆ రోజు లాగిందన్నాను. మీరు నమ్మారా సార్?"

"బంద్‌కు ముందు దినమే బ్రేకులు చేయించిన" అన్నారు మెల్లగా.

"మరి ఎందుకు అడగలేదు?"

"నువ్వే చెప్తవనుకున్న."

ఇప్పటికీ నా దగ్గర నేర్చుకునేవాళ్ళని మొదటి రోజు వెనక సీట్లో కూర్చోబెడతాను. మెత్తటి సీట్లో వాళ్ళకి పెద్దగా ఏమీ తెలియదు, అయినా కూర్చోబెడతాను. ఆయన పద్ధతి అంతా అందిపుచ్చుకున్నానని గర్వపడేవాణ్ణి. నా వెనక కూలిన షామియానా కింద ఎవరున్నారో తిరిగి చూడనివాడికి ఆ గర్వం ఎక్కడిది?

మర్నాడు సరూర్‌నగర్‌లో మల్లేశ్ గారింటికి వెళ్ళాం. సార్ వద్దన్నా బతిమాలి తీసుకెళ్ళాను. మల్లేశ్ గారు గుమ్మంలో సార్‌ని చూసి, "ఏం బాల్‌రాజ్, ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా?" అన్నారు. నేను ముందుకొచ్చి నిలబడ్డాను.

"మల్లేశన్నా, ఆ రోజు జీపు నడిపింది సార్ కాదు, నేను. బండిలో లోపమేమీ లేదు. భయపడి తొక్కాను, మీరు అరుస్తుంటే విని కూడా ఆగలేదు. మీ చెయ్యి విరగ్గొట్టింది నేను, మీ స్నేహితుణ్ణి మీకు దూరం చేసింది నేను. మీరిద్దరూ నన్ను క్షమించాలి."