అక్వేరియం అమ్మకానికి పెట్టిన ఆవిడ

ఏం చెప్పాలన్నా ఆమె ముందు తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పేది. సముద్రపు చేపలు పెంచాలన్న కొత్త సరదాతో, ఆమె వాడిన అక్వేరియం కొనడానికి, ఈ అరబ్బు దేశంలో నేనుండే ఊళ్ళోనే అల్ ఖౌద్ పేటలోని వాళ్ళ ఫ్లాట్‌కు వెళ్ళాను. నాదీ కడపేనని తెలిసి "అన్నా" అని పిలిచింది.

"ఈ పాత ఉప్పునీళ్ళే కొన్ని పట్టుకపోండన్నా. చేపల్ని ఒక్కసారిగా కొత్తనీళ్ళలో వేస్తే చచ్చిపోతాయి," అంటూ నా బకెట్‌ను సగం నింపింది.

అప్పుడే ఆమె భర్త వచ్చాడు. "ఎవర్నడిగి అమ్ముతాండావే?" అంటూ జుట్టు పట్టి ఆమె తలను గోడకేసి కొట్టాడు. నేను అడ్డం వెళితే నన్ను తోసేసి, ఇనుప కుర్చీ ఎత్తి అక్వేరియం మీద వేశాడు. అద్దం భళ్ళున పగిలి, గదంతా నీళ్ళయింది. చేపలు నేల మీద ఎగిరెగిరి పడ్డాయి.

ఆమె అతని వైపు చూడనే లేదు. నుదుటి నుంచి రక్తం కారుతున్నా, గాజు ముక్కల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో చేపనూ దోసిట్లో ఎత్తి బకెట్‌లో వేసింది. అతను మళ్ళీ కుర్చీ ఎత్తేసరికి, నేను అతన్ని పడకగదిలోకి నెట్టి బయట గడియ పెట్టాను.

"ఈ ఊర్లోనే రూవిలో మా అక్క ఉంటాది. ఆడ దింపండన్నా," అంది.

తలుపు తీసిన అక్క ఆ రక్తం చూసి గుండెలు బాదుకుంది.

"ఏడవగాకక్కా. నేనింక ఆ ఇంటికి పోను. ఈ చేపల్ని ఏడ పెట్టాల్నో చెప్పు," అందామె.