కింది నుంచి చదివే మా మరిది

మా మరిది ప్రూఫులు కింది నుంచి పైకి చదువుతాడు. ఆఖరి వరుసతో మొదలుపెట్టి, స్కేలు జరుపుకుంటూ పేజీ తలకు చేరతాడు. అర్థంలో పడితే కన్ను జారి తప్పు తప్పించుకుంటుందని ఆయన నమ్మకం. ముప్ఫై ఒక్క ఏళ్లుగా మా ప్రెస్సులో ఆ ఎర్రపెన్ను దాటనిదే ఒక్క కాగితం మిషనెక్కలేదు. భోజనాల బల్ల మీద గ్లాసు వంకరగా ఉన్నా సరిచేసి గాని కూర్చోడు. భార్య పోయాక ఆయనకు ఇల్లంటే పడుకునే చోటు మాత్రమే.

నేను అదే ప్రెస్సులో పేజీలన్నీ అచ్చయిన పెద్ద కాగితాలు, అంటే ఫారాలు, మడిచి పుస్తకాలు కుడతాను. చదివింది రెండో తరగతి. ఇంగ్లీషు ముక్క రాదు, రావాల్సిన అవసరమూ పడలేదు. కానీ నేను మడిచిన పుస్తకంలో పేజీ అటూ ఇటూ అయిందని ఇంతవరకు ఏ మొనగాడూ అనలేదు.

కిందటి నెల ఒక కరపత్రంలో ఫోను నంబరు తప్పు పడింది. ఓనరు మా మరిదిని అందరి ముందూ నిలబెట్టాడు. "మాస్టారూ, మీకు చూపు తగ్గింది. ఇంకొక్క తప్పు పడిందంటే ఆ పెన్ను నా బల్ల మీద పెట్టి ఇంటికెళ్లండి" అన్నాడు. ఆ రోజు నుంచి మరిది కళ్లజోడు చాలదన్నట్టు భూతద్దం కూడా పట్టాడు.

సరిగ్గా అప్పుడే వచ్చింది ఆ పని. మూడో తరగతి పిల్లలకు ఇంగ్లీషు వ్యాకరణం, చుక్కలు, కామాలు నేర్పే అభ్యాస పుస్తకం. బడి పంతులమ్మ చేత్తో రాసిచ్చింది. రెండు రోజులు ఆయన గొణుగుడు నా చెవుల్లో మోగుతూనే ఉంది.

"వాక్యం చివర చుక్క ఉండదు, మొదట పెద్దక్షరం ఉండదు. ఈవిడ పిల్లలకేం నేర్పుతుంది వదినా, నా బొంద!"

"నువ్వున్నావని ధీమా కాబోలు."

టైపు చేసే అమ్మాయి ఏదో అడగబోయింది. "చెప్పింది చెయ్యమ్మా" అని కసిరాడు. పాపం, ఆ పిల్ల నోరు మూసుకుని ఎర్రగీత పడ్డచోటల్లా దిద్దేసింది.

శుక్రవారం మధ్యాహ్నం మొదటి ఫారాలు నా బల్ల మీదకు వచ్చాయి. నాలుగింటికి బడి వ్యాను వస్తుంది. అప్పటికే రెండు దాటింది. మిషను మీద రెండో ఫారం తిరుగుతోంది. కొలతకని బడివాళ్లిచ్చిన కిందటేడు పుస్తకం పక్కన తెరిచి పెట్టుకున్నాను. అందులో ముందు పేజీల్లో వాక్యాలు బోడిగా ఉన్నాయి, కింద పిల్లలు రాసుకోవడానికి ఖాళీ గీతలు. చివర జవాబుల పేజీ మాత్రం చుక్కలతో, కొక్కేల్లాంటి కామాలతో నిండుగా ఉంది. మరి మా ఫారంలో? ముందు పేజీ, చివరి పేజీ కవలల్లా ఉన్నాయి. ఒక్కో వరుస మీద వేలు పెట్టి చూశాను. చుక్కకు చుక్క, కొక్కేనికి కొక్కెం.

మరిదిని చెయ్యూపి పిలిచాను.

"ఇంగ్లీషు నువ్వు నాకు చెబుతావా?" అన్నాడు.

"ఇంగ్లీషు నీ దగ్గరే పెట్టుకో. బొమ్మ చూసినట్టు చూడు. ఇది పిల్లలు చెయ్యాల్సిందా, చేసేసిందా?"

చూశాడు. ఈసారి పై వరుస నుంచి.

"'వదిలేసిన గుర్తులు పెట్టండి' అనుంది వదినా" అంటూ కాగితాల కట్ట మీద కూలబడ్డాడు. "ఎన్ని తిరిగాయి?"

"మొదటి ఫారం మొత్తం."

మిషనాయన మాకు వీపు పెట్టి ఇంకు చూసుకుంటున్నాడు. మరిది ఆ వీపు వంకే చూస్తూ గొంతు తగ్గించాడు. "అచ్చు ప్లేటు ఆయనే తప్పెక్కించాడందాం. ఆయన్నెవరూ పనిలోంచి తియ్యరు."

"సిగ్గులేదూ! నీ తప్పు ఆయన నెత్తిన రుద్దుతావా? నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా? ఈ లోపల అక్కడ కాగితాలు పోతూనే ఉన్నాయి."

జేబులో పెన్ను తడుముకున్నాడు. లేచాడు. ఇన్నేళ్లలో ఏనాడూ మిషను ముట్టుకోని మనిషి, వెళ్లి తనే ఆపు మీట నొక్కాడు. ఆ నిశ్శబ్దానికి ఓనరు గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు.

"తప్పు నాదే. పిల్లలు చెయ్యాల్సిందంతా నేనే చేసేశాను" అని మరిది పెన్ను తీసి చాచాడు.

ఓనరు ఫారం చూశాడు, గడియారం చూశాడు. పెన్ను అందుకున్నాడు. బడికి ఫోను చేసి సోమవారం దాకా గడువడిగాడు. అవతలి అరుపులు మాకూ వినిపించాయి. ఫోను పెట్టేసి, "ఎవరు పట్టుకున్నారు?" అన్నాడు.

"మా వదిన."

"ఆవిడకి ఇంగ్లీషు రాదుగా!"

"కళ్లున్నాయి బాబూ" అన్నాను.

ఓనరు పెన్నును వేళ్ల మధ్య తిప్పాడు. అది ఎటు పోతుందోనని నేను చూస్తున్నాను.

"ఇకమీదట మీరు చూశాక ఆవిడా చూడాలి. ఆవిడ సంతకం లేకుండా ప్లేటు పడదు. ఇష్టమైతే తీసుకోండి" అని పెన్ను బల్ల అంచున పెట్టాడు.

మరిది చెవులు ఎర్రబడ్డాయి. ముప్ఫై ఒక్క ఏళ్ల పనితనం మీద రెండో తరగతి సంతకం! కదలడేమో అనుకున్నాను. కదిలాడు. తీసుకున్నాడు.

ఆ సాయంత్రమే కొత్త ప్రూఫు తెచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. "చూడు వదినా."

"ఆగు, చేతులు తుడుచుకోనీ."

పాత పుస్తకం పక్కన పెట్టుకుని, పేజీ పేజీ మీదా వేలు నడిపించాను. కావాలనే నెమ్మదిగా. మూడో పేజీలో ఆగాను. "ఇదిగో, బోడి వాక్యానికి ఒక చుక్క మిగిలింది."

ఎర్రపెన్నుతో కొట్టేశాడు. అప్పుడు నాకొచ్చిన నాలుగు అక్షరాలతో సంతకం పెట్టాను. ఒక తలకట్టు వంకరగా వచ్చినట్టుంది. ఆయన పెన్ను మెల్లగా అటు కదిలింది.

"దాన్ని ముట్టుకున్నావో, చూడు!" అన్నాను.