బిగుతు చెయ్యి

పెళ్లయిన కొత్తలో మా ఆయనకి నరసాపురం దగ్గర ఒక ఊళ్లో బ్యాంకు ఉద్యోగం. పొద్దున్న వెళ్తే మళ్లీ దీపాలు పెట్టే వేళకి గాని వచ్చేవారు కాదు. ఆ ఊళ్లో నాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. పాలు పోసే అతను వస్తే చాలు, ఏదో ఒక వంకన ఊరి సంగతులడిగేదాన్ని. పాపం అతను క్యాను సర్దుకుని పారిపోయేవాడు.

ఎదురింటి అరుగు మీద మాత్రం మధ్యాహ్నం భోజనాలయ్యాక నలుగురైదుగురు ఆడవాళ్లు చేరి లేసు అల్లేవారు. చేతిలో కొక్కెం సూది, ఒళ్లో తెల్ల దారం బంతి, నోటినిండా కబుర్లు. అల్లిక నేర్పమని వెళ్లానే గాని నాకు కావలసింది ఆ అరుగు మీద ఇంత చోటు.

ఆ ఇంటి మామ్మగారు ముందు గొలుసు కుట్టు నేర్పారు. తర్వాత గ్లాసు కింద వేసే చిన్న చక్రం, ఆ తర్వాత రేకుల పువ్వు. అక్కడ ఎవరి దుప్పటి వారు అల్లుకోరు. తలా కొన్ని పువ్వులు అల్లితే, అన్నీ పోగుచేసి మామ్మగారు ఒక దుప్పటిగా అతుకుతారు. అందుకని ఎవరు అల్లినా పువ్వు ఒకే కొలతలో రావాలి.

నాకు పని తొందరగానే పట్టుబడింది. మురిసిపోతూ ఇంట్లో కూచుని సంచెడు పువ్వులు అల్లి పట్టుకెళ్లాను. మామ్మగారు తన నమూనా పువ్వు మీద నాది పెట్టి చూశారు. చుట్టూ గోరంత తక్కువ. ఇంకొకటి పెట్టారు, అదీ అంతే. మిగతావాళ్లు మెడలు చాచి చూశారు. ఇక నన్ను రావద్దంటారని భయం పట్టుకుంది.

“కుట్లన్నీ సరిగ్గానే వేశానండీ,” అన్నాను, కాస్త పెడసరంగానే.

“కుట్లకేం అమ్మాయ్, లక్షణంగా ఉన్నాయి. దారమే బిగలాగేస్తున్నావు. ఒక్కదానివే కూచుని అల్లావు కదూ?”

తలూపాను.

“ఒక్కళ్లమే ఉంటే అలాగే బిగుసుకుపోతుంది. ఇలా వచ్చి కూచో. కబుర్లాడుతూ అల్లు, చెయ్యి దానంతటదే వదులవుతుంది,” అని పక్కకి జరిగారు.

ఆ ఏడాది వేసవిలో అతికిన దుప్పటిని అరుగు మీద పరిచి చూస్తే, అందులో నా పువ్వులేవో నేనే పోల్చుకోలేకపోయాను. అంత సంతోషం నాకు నా పెళ్లిలో కూడా లేదు.

తర్వాత రాజమండ్రి బదిలీ అయింది. బయల్దేరేటప్పుడు మామ్మగారు ఆ నమూనా పువ్వు నా చేతిలో పెట్టారు. కొత్త ఇల్లు మేడ మీద వాటా. మధ్యాహ్నమైతే పక్కవాటా తలుపు మూసేసేవారు, లోపల్నించి టీవీ సీరియలు వినపడేది. సూది తీసుకుని కూచున్నాను. పువ్వు మళ్లీ గోరంత తక్కువొచ్చింది. విప్పి అల్లాను, మళ్లీ అంతే. సూది కూడా నన్ను వెక్కిరిస్తున్నట్టనిపించి ఒళ్లు మండింది.

ఒకరోజు తలుపు గడియ పెట్టి, “మామ్మగారూ, ఇవాళ కూరేంటండీ?” అని పైకే అన్నాను. “దోసకాయ పప్పు అమ్మాయ్,” అని జవాబూ నేనే చెప్పాను. అల్లుతూనే వాళ్ల కోడలి సంగతి అడిగాను. మా ఆయన మీద చాడీలు చెప్పాను. నవ్వాల్సిన చోట నేనే నవ్వాను.

పువ్వు పూర్తయ్యాక నమూనా మీద పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది. అప్పుడు ఏడుపొచ్చింది.