రిలీఫ్ లారీకి వేయించిన పూత

కోవిడ్‌కి ముందు సంవత్సరం జూన్ మొదటి వారంలో నన్ను బిలాస్‌పూర్‌లో ఒక డిపోకి రోడ్డు వాహనాల బాధ్యుడిగా వేశారు. నా హోదా సీనియర్ సెక్షన్ ఇంజనీర్. పైన అధికారులు, కింద పనివాళ్ళు. ఇద్దరి చేతా మాటలు పడే హోదా అది. రైల్వేలో రోడ్డు వాహనాలేమిటని కొందరికి ఆశ్చర్యం. ఎక్కడైనా వ్యాగన్ పట్టాలు తప్పితే, రిలీఫ్ రైలు కదిలేలోగా జాకీలు, గొలుసులు, మనుషులను వేసుకుని ముందు పరుగెత్తేది లారీయే.

మా లారీ అప్పటికే ముసలిది. దాన్ని కండెమ్ చేయాలని, అంటే పనికిరాదని తేల్చి తుక్కుకి పంపాలని, నాకు ముందున్నాయన కాగితం పెట్టాడు. కొత్తది వచ్చేదాకా పాతదాన్నే నడపమని జవాబొచ్చింది. వెనక తొట్టెలో ఇనుప పలక మీద పెయింటు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. వాన పడితే కాలు నిలిచేది కాదు. బరువులెత్తే ఖలాసీ సింహాచలం కిందటి వానల్లో దాని మీద జారి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. నేను చేరిన మూడో రోజే వచ్చి, ఈసారి కాలు జారకుండా ఏదైనా చెయ్యమని అడిగాడు. లాల్‌ఖదాన్‌లో ఇల్లు, ఇద్దరు ఆడపిల్లలు. మాటకి ముందు నవ్వే మనిషి.

నా ముందు రెండు దార్లున్నాయి. ఒకటి పెయింటు. పాత పెయింటంతా గీకి, వైరు బ్రష్షుతో తుప్పు తోమి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, పైన రెండు కోట్లు ఎనామిల్ వేయాలి. ఒక్కో కోటూ ఆరాలి కనుక వానాకాలంలో పదిహేను రోజులకి తక్కువ కాదు. రెండోది లైనర్ కోటింగు. పికప్ బళ్ళ తొట్టెలకి గన్నుతో కొట్టే మందపాటి పూత. గంటల్లో గట్టిపడి రబ్బరులా పట్టుకుంటుంది. గీత పడదు, కాలు జారదు. సర్కండాలో ఒక షాపులో వేస్తున్నారని విన్నాను.

మా పెయింటర్ అప్పలస్వామికి ఈ రెండోది నచ్చలేదు. శ్రీకాకుళం వైపు నుంచి తాతల నాడు వచ్చిన కుటుంబం. రిటైరవడానికి ఇంకా ఏడాది ఉంది. ఆయన చిన్న సుత్తి పట్టుకుని తొట్టెంతా కొట్టుకుంటూ వెళ్ళి, వెనక ఎడమ మూల ఆగాడు. ఇనుము బాగుంటే సుత్తి కింద ఖంగుమంటుంది, లోపల తినేస్తే మొద్దుగా పలుకుతుంది. రైల్వేలో చక్రం దగ్గర నుంచి అన్నిటినీ చెవితోనే పరీక్ష చేస్తాం.

"ఇక్కడ పలక కింద అడ్డపట్టీ తినీసింది బాబూ," అన్నాడు. "గీకితే గాని ఎంతుందో తెల్దు. మీరేటి, తుప్పు మీద దుప్పటి కప్పీమంటారేటి?"

నాకు చిరాకేసింది. వారం తిరక్కుండా పెద్ద తనిఖీ ఉంది. ఆ రోజుకి లారీ వరసలో నిలబడాలి. పదిహేను రోజులు నా దగ్గర లేవు. అచ్ఛా, చూద్దాం లెండి అన్నాను. మర్నాడు ఆయన మళ్ళీ వచ్చి అదే మాట చెప్పాడు. రెండుసార్లూ నోటితోనే చెప్పాడు, నేనూ చెవితోనే విన్నాను.

సర్కండా షాపతను నిజాయితీపరుడే. పూతకైనా ముందు గ్రైండింగ్ చేసి శుభ్రమైన ఇనుము తేల్చాలని, మూడు నాలుగు రోజులు పడుతుందని చెప్పాడు. తనిఖీకి అప్పటికి రెండు రోజులే ఉంది, పైపైన తోమి కొట్టెయ్యమన్నాను. మంచిదే కదా అని తొట్టె అడుగు భాగానికి కూడా కొట్టించాను. ఇక తుప్పు పై నుంచీ కనపడదు, కింద నుంచీ కనపడదు. తనిఖీ రోజున లారీ నల్లగా నిగనిగలాడింది. సింహాచలం చెప్పులతో ఎక్కి, అటూ ఇటూ నడిచి, బాగుంది సార్ అన్నాడు.

నెలనెలా బండిని పరీక్షించి రిజిస్టర్లో ఫిట్ అని రాయడం నా పని. అలవాటు చొప్పున సుత్తి తీసుకుని కొట్టేవాణ్ణి. అంతటా ఒకటే మొద్దు శబ్దం. రబ్బరు మీద కొడితే ఇంకెలా ఉంటుందిలే అనుకున్నాను. సుత్తి మీద బతికినవాడు చేసే తప్పే అది. చెవికి ఏమీ తెలియనప్పుడు కన్నుతో చూడాలి. పూత ఒక్క జానెడు చెక్కినా తెలిసేది. ఎనిమిది నెలలు వరసగా ఫిట్ అని రాశాను.

ఫిబ్రవరిలో బెల్తరా అవతల సైడింగులో, అంటే పక్క లైనులో, ఖాళీ వ్యాగన్ పట్టాలు తప్పింది. లారీతో నేనూ వెళ్ళాను. హైడ్రాలిక్ జాకీని తొట్టె వెనక అంచుకి జరిపారు. ఎడమ మూల సింహాచలం నిలబడి పట్టుకున్నాడు. పెద్ద చప్పుడు కూడా కాలేదు. పలక కిందికి ఒరిగింది, అతని కాలు దిగబడింది, జాకీ దాని మీద పడింది. పూత మాత్రం చిరగకుండా గోతాంలా వేలాడింది. మోకాలి కింద కాలు తీసేయవలసి వచ్చింది.

ఆసుపత్రిలో అతని భార్య పైడమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

"పూతేసిన రోజు ఇంటికొచ్చి సెప్పినాడు బాబూ, ఇంక జారదని. కొత్త సారు మంచోడని సెప్పినాడు," అంది.

నేను వరండాలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి ఏడ్చాను.

ముగ్గురు అధికారులతో విచారణ వేశారు. వాళ్ళు నన్ను అడిగిన ప్రశ్న ఒకటే ముఖ్యమైనది: తుప్పు సంగతి ఎవరైనా ముందుగా చెప్పారా? రికార్డులో ఏమీ లేదు సార్ అన్నాను. అది అబద్ధం కాదు. నిజమూ కాదు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో అంత జాగ్రత్తగా కూర్చిన వాక్యం నేను ఇంకోటి చెప్పలేదు. పూతకి ముందు ఉపరితలం సిద్ధం చేయించడం రూలు ప్రకారం పెయింటర్ చూడవలసిన పని. లోపం ఉందని ఆయన రాసి ఇచ్చిన కాగితం లేదు. అప్పలస్వామికి లిఖితపూర్వకంగా మందలింపు వచ్చింది, సర్వీసు పుస్తకంలో ఎక్కింది. నన్ను ఇకపై జాగ్రత్తగా ఉండమని నోటిమాటతో సరిపెట్టారు. సింహాచలాన్ని ఆఫీసు రికార్డు గదిలో కూర్చోబెట్టారు.

జూన్ ఆఖరున అప్పలస్వామి రిటైరయ్యాడు. ఆ కాలంలో సన్మానాలు లేవు. మూతికి గుడ్డలు కట్టుకుని నలుగురం నిలబడ్డాం. దండ నేనే వేశాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటీ అనుకోకండి బాబూ. నేను సెప్పినాను గాని గట్టిగా సెప్పలేదు. గట్టిగా సెప్పుంటే మీరు ఇనీవోరే."

ఆయన గట్టిగానే చెప్పాడు. ఆ మాట నేను అప్పుడూ అనలేదు.

తరువాత నా ఉద్యోగం ఇంకా రెండేళ్ళుంది. ఎవరు ఏ లోపం చెప్పినా, చెప్పినవాడి పేరుతో సహా అప్పటికప్పుడు రిజిస్టర్లో రాశాను. పాత జీపులున్నవాళ్ళు ఇప్పటికీ పెయింటు మంచిదా, లైనర్ మంచిదా అని అడుగుతుంటారు. ముందు గీకించి ఇనుము చూడమని, బాగుంటే రెండూ మంచివేనని చెబుతాను. నేను నేర్చుకున్నది మాత్రం దాని గురించి కాదు. రాయడం రానివాడు, రాసే అలవాటు లేనివాడు ఒక ప్రమాదం గురించి చెబితే, దాన్ని కాగితం మీద పెట్టే బాధ్యత విన్నవాడిది. పెట్టకపోతే తప్పు చెప్పినవాడి మీదికి పోతుంది. అప్పలస్వామి సర్వీసు పుస్తకంలో ఆ పేజీ అలాగే ఉంది. దాని మీద ఉండవలసిన పేరు నాది.